నాన్న ఆటకు చోటేదీ?

ఫ్రిజ్ కొనడానికి వెళితే ఎన్ని లీటర్లని అడుగుతాం. వాషింగ్ మెషీన్ అయితే ఎన్ని కిలోలని అడుగుతాం. ఇంట్లో ఉండేది ఎంతమంది, పండక్కి చుట్టాలొస్తే సరిపోతుందా లేదా అని వేళ్ల మీద లెక్కేసి మరీ కొంటాం. అదే పిల్లలకి గేమ్ కన్సోల్ కొనాల్సి వచ్చేసరికి మాత్రం అడిగేది ఒక్కటే... ‘రేటెంత?’ అని. దాని లోపల ఎంత చోటుంది, అది ఇంట్లో ఎవరెవరికి చాలుతుంది అన్న ప్రశ్న ఆ వేళ ఎవరికీ తట్టదు. పెట్టె ఇంటికొచ్చి, నాలుగు నెలలు గడిచి, కొత్త గేమ్ వేసుకోవడానికి ఖాళీ లేదని టీవీ తెర మీద కనిపించాకే తడుతుంది.

విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే ఓ కుటుంబానికి అలాగే తట్టింది. కాకపోతే వాళ్లింట్లో చోటు చాలనిది ఆటలకు మాత్రమే కాదు. అది అర్థం కావడానికి మరికొన్ని వారాలు పట్టింది.

ఆ ఇంట్లో నలుగురు. ఆయన మెడికల్ రిప్రజెంటేటివ్. సోమవారం తెల్లారకుండా బస్సెక్కితే ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం... వారమంతా డాక్టర్ల గదుల ముందు బెంచీల మీదే గడిచిపోతుంది. ఇంటికి చేరేది శనివారం రాత్రికి. ఆవిడ ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పెద్దవాడు 2022లో పదో తరగతి పరీక్షలు రాశాడు. పాప అప్పుడు అయిదులో ఉంది. ‘మంచి మార్కులతో పాసైతే గేమ్ కన్సోల్ కొంటా’ అని తండ్రి ఎప్పుడో మాటిచ్చాడు. ఫలితాలొచ్చాయి. వాడు మాట నిలబెట్టుకున్నాడు. ఇక నిలబెట్టుకోవాల్సింది ఆయనే. పాడుకున్న చీటీ డబ్బులో 40 వేలు దానికని పక్కన పెట్టారు.

నిజం చెప్పాలంటే ఆ కోరిక కొడుకుది మాత్రమే కాదు. తొంభైల్లో తండ్రి చిన్నతనంలో వీధి చివర షాపులో టీవీ గేమ్ ఉండేది. గంటకింతని డబ్బులిచ్చి ఆడాలి. మారియో, కాంట్రా... అటకెక్కిన ఆ సరదా కొడుకు వంకతో మళ్లీ కిందకి దిగింది. అప్పటి గేములన్నీ క్యాసెట్లలోనే ఉండేవి. క్యాసెట్ గుచ్చితే ఆట, తీసేస్తే లేదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం సైజు 40 కిలోబైట్లు. ఈరోజు ఫోనుతో తీసే ఒక్క ఫొటోలో అలాంటి మారియోలు పదుల సంఖ్యలో పడతాయి! అందుకే ఆయన మనసులో గేమ్ అంటే ‘చోటు’ పట్టే వస్తువు కానే కాదు.

నాలుగు దారులు

తండ్రీకొడుకులు నెలరోజులు ఆరా తీశారు. ముందు అనుకున్నది ప్లేస్టేషన్ 5. 2021 ఫిబ్రవరిలో మనదేశానికి వచ్చినప్పుడు డిస్కు పెట్టుకునేది 49,990 రూపాయలు, డిస్కు లేనిది 39,990. కానీ చిప్‌ల కొరత వల్ల ప్రపంచమంతా దానికి కటకటగా ఉన్న రోజులవి. పైగా డిస్కు ఉన్నది వాళ్ల లెక్క దాటిపోయింది. రెండోది నింటెండో స్విచ్. చేత్తో పట్టుకుని ఆడుకోవచ్చు, టీవీకీ తగిలించుకోవచ్చు. అయితే నింటెండో దాన్ని మనదేశంలో అధికారికంగా అమ్మలేదు. దిగుమతి చేసినవాళ్ల దగ్గర కొనాలి. వారంటీ మాటెత్తితే అమ్మేవాడు నవ్వి ఊరుకుంటున్నాడు.

మూడోది సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ 4. 2013లో 500 జీబీ హార్డ్ డిస్కుతో వచ్చింది. పాత డిస్కులు సగం ధరకి దొరుకుతాయి, స్నేహితులతో మార్చుకోవచ్చు. ‘డిస్కులో గేమ్ ఉంటే ఇక లోపల చోటెందుకు?’ అని ఆయన అడిగారు. చాలామందికి ఉన్న అనుమానమే ఇది. ప్లేస్టేషన్ 2 కాలంలో అది నిజం కూడా. ఆట డిస్కులోనే ఉండేది, ఎంతవరకు ఆడామో గుర్తుపెట్టుకోవడానికి 8 ఎంబీ మెమరీ కార్డు చాలేది. ప్లేస్టేషన్ 4 నుంచి ఆ పద్ధతి మారిపోయింది. డిస్కు పెట్టినా గేమ్ అంతా హార్డ్ డిస్కులోకి ఎక్కాల్సిందే. డిస్కు ఇంటి తాళం లాంటిది. సామాను ఉండాల్సింది మాత్రం ఇంట్లోనే! 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అయితే ఏకంగా రెండు డిస్కుల్లో వచ్చింది. వాటిలో ఒకటి కేవలం లోపలికి ఎక్కించడానికే.

చివరికి తేలింది ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్. 2020 నవంబరులో మనదేశంలో 34,990 రూపాయలకు వచ్చింది. కొత్తది, వారంటీ ఉన్నది, చీటీ డబ్బులో ఇమిడేది. డిస్కు పెట్టుకునే వీలు లేదు. గేములన్నీ ఇంటర్నెట్ నుంచి దించుకోవాల్సిందే. నెలనెలా చందా కడితే బోలెడు గేములు ఆడుకోవచ్చు. పెట్టె మీద 512 జీబీ అని ఉంది. ‘ఫోనులో 64 జీబీతోనే నెట్టుకొస్తున్నాం. ఇది ఎనిమిది రెట్లు కదా’ అనుకున్నారంతా.

కార్పెట్ ఏరియా ఎంత?

ఫ్లాట్ అమ్మేవాళ్లు 1200 చదరపు అడుగులంటారు. తీరా మంచాలు వేసుకునే చోటు కొలిస్తే తొమ్మిది వందలు కూడా తేలదు. మెట్లు, లిఫ్టు, గోడలు అన్నీ ఆ లెక్కలోవే. కన్సోల్‌దీ అదే తీరు. సిరీస్ ఎస్‌లో ఉన్న 512 జీబీలో కొంతభాగం దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌కి పోతుంది. ఆటను ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకునే ఏర్పాటుకీ కొంత పోతుంది. గేములకు మిగిలేది 364 జీబీ. ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. మొదట వచ్చిన ప్లేస్టేషన్ 5లో 825 జీబీ ఉంటే గేములకు దక్కేది 667. అమ్మేటప్పుడు చెప్పేది బిల్టప్ ఏరియా, ఆడుకునేది కార్పెట్ ఏరియాలో!

మరి ఆ చోట్లోకి వచ్చే సామాను సంగతేంటి? తండ్రికి నచ్చింది ఫోర్జా హొరైజన్ 5. మెక్సికో రోడ్ల మీద కార్లతో చక్కర్లు కొట్టే ఆట. బస్సు కిటికీ పక్కన వారమంతా కూర్చునే మనిషికి స్టీరింగ్ చేతికొస్తే ఆ ఆనందమే వేరు. అది వంద జీబీ దాటుతుంది. పెద్దవాడికి విమానాల పిచ్చి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఉపగ్రహ చిత్రాల సాయంతో భూగోళం మొత్తాన్నీ తయారుచేశారు. గన్నవరంలో గాల్లోకి లేచి కృష్ణ మీదుగా తిరిగి రావచ్చు. అదీ వంద జీబీకి దగ్గరే. ఇద్దరూ కలిసి ఆడే ఫుట్‌బాల్ 50 జీబీ చుట్టుపక్కల. పాప మాత్రం మైన్‌క్రాఫ్ట్‌లో ఇళ్లు కట్టుకుంటుంది. అది ఒకటి రెండు జీబీలే.

స్నేహితులంతా ఆడుతున్నారని పెద్దవాడు జీటీఏ 5 అడిగాడు. అది 18 ఏళ్లు దాటినవాళ్లకని ముద్ర వేసిన గేమ్ అని తెలుసుకుని తల్లి అక్కడే ఆపేసింది. సినిమాకి ‘ఎ’ సర్టిఫికెట్ ఎలాగో గేములకీ వయసు ముద్రలుంటాయి. కొనేముందు అవి చూస్తే పిల్లలకీ మంచిది, పెట్టెకీ భారం తగ్గుతుంది.

అయినా చోటు నిండిపోయింది. గేములు ఒకసారి దించితే అయిపోవు. కొత్త కార్లు, కొత్త ఆటగాళ్లు, తప్పుల సవరణలు అంటూ నెలనెలా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. చందా కట్టాం కదా అని పెద్దవాడు చూసినవల్లా దించాడు. దసరా సెలవుల్లో స్నేహితులతో ఆడటానికి మరో పెద్ద గేమ్ కావాల్సి వచ్చింది. ఏదో ఒకటి తీసేస్తేగానీ కుదరదు.

ముందు పోయిందెవరిది?

ఏది తీయాలో ఎంచుకోవడానికి కన్సోల్‌లో ఓ జాబితా ఉంటుంది. ఏది ఎక్కువ చోటు పట్టిందో, ఏది ఈమధ్య ఎవరూ తెరవలేదో అందులో వరసగా చూడొచ్చు. ఎలా చూసినా తండ్రి కార్ల ఆటే పైన కనిపించింది. సైజులో పెద్దది. ఆడేది వారానికి ఒక్కరోజు. వాడు దురుద్దేశంతో తీయలేదు. లెక్క అలా ఉందంతే!

ఆదివారం పొద్దున్న టిఫిను తిని టీవీ ముందు కూర్చున్న ఆయనకి కారు కనిపించలేదు. ‘మళ్లీ పెడతా నాన్నా... నువ్వెంతవరకు ఆడావో అదేమీ పోదు’ అన్నాడు కొడుకు. నిజమే. గేమ్‌ను తీసేసినా మనం ఆడిన లెక్కంతా ఇంటర్నెట్‌లో భద్రంగా ఉంటుంది. మళ్లీ దించుకోగానే తిరిగొస్తుంది. కానీ దించుకోవడమే పెద్ద పని. సెకనుకు 30 మెగాబిట్ల కనెక్షన్ మీద వంద జీబీ దిగాలంటే దాదాపు ఏడున్నర గంటలు. అదీ ఇంట్లో మరెవరూ ఇంటర్నెట్ వాడకపోతే. పొద్దున్న పది గంటలకి మొదలుపెడితే సాయంత్రం అయిదున్నర. ఆయన మర్నాటి బస్సు కోసం బ్యాగు సర్దుకునే వేళ.

‘పర్లేదులేరా, పేపరు చదువుకుంటా’ అన్నారాయన. ఆ వారం ఆట దిగింది. మళ్లీ శనివారంలోగా ఇంకోదానికి చోటు కావాల్సి వచ్చి మళ్లీ పోయింది. మూడోవారానికి ఆయన అడగడం మానేశారు. కుర్చీ బాల్కనీలోకి మారింది.

తేడాని ముందు కనిపెట్టింది తల్లి. కన్సోల్ వచ్చిన కొత్తలో ఆదివారం రెండు గంటలు తండ్రీకొడుకులు ఒకే సోఫాలో పక్కపక్కనే కూర్చునేవారు. ఒకరి కారు గోడకి గుద్దుకుంటే ఇంకొకరు పగలబడి నవ్వేవారు. ఆ నవ్వుల మధ్యలోనే కాలేజీ కబుర్లు, పాకెట్ మనీ బేరాలు, ‘నాన్నా, ఎంపీసీ నావల్ల అవుతుందంటావా?’ లాంటి ప్రశ్నలు వచ్చేవి. వారమంతా ఫోన్లో ‘తిన్నావా... చదువుకున్నావా’ దాటని మాటలు అక్కడే దొర్లేవి. ఇప్పుడు ఆ రెండు గంటలూ లేవు. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఒకరు హాల్లో, ఒకరు బాల్కనీలో.

ఓ రాత్రి అన్నం తింటూ పాప మామూలుగానే అనేసింది... ‘నాన్న వారానికి ఒక్కరోజే ఉంటారు కదమ్మా, అందుకే అన్నయ్య నాన్న ఆట తీసేశాడు.’

పెద్దవాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

లెక్కల టీచరు లెక్క

మర్నాడు తల్లి రూళ్ల కాయితం తీసింది. మూడు గళ్లు గీసింది. పేరు, ఆట, జీబీ. ఒక్కొక్కరికి ఎవరూ తీయకూడని ఆట ఒకటి. ముందు వాటికి చోటు. ఆయనకి కార్లు, దగ్గర దగ్గర 110. పెద్దవాడికి విమానాలు, 100. పాపకి 2. ఇద్దరూ కలిసి ఆడే ఫుట్‌బాల్‌కి 50. మొత్తం 262. ఉన్న 364లోంచి తీసేస్తే 102. అందులో 50 అప్‌డేట్ల కోసం ఖాళీగా వదిలెయ్యాలి. గొంతుదాకా నింపిన సంచికి మూతి కట్టలేం కదా! మిగిలిన 52 చుట్టాల గది. వచ్చిపోయే ఆటలన్నీ అందులోనే సర్దుకోవాలి.

చుట్టాల గదిలో పట్టని పెద్ద గేములకి కొడుకే దారి వెతికాడు. కన్సోల్‌కి మామూలు యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కు తగిలించుకోవచ్చు. కనీసం 128 జీబీది అయి ఉండాలి. కొత్త తరం గేములను నేరుగా దాని మీద నుంచి ఆడలేం. ఆడాలంటే లోపలికి మార్చుకోవాల్సిందే. కానీ దాచుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. వంద జీబీ గేమ్‌ను ఇంటర్నెట్ నుంచి దించడానికి ఏడున్నర గంటలు పడితే, హార్డ్ డిస్కు నుంచి లోపలికి తెచ్చుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట. టిఫిను తిని కాఫీ తాగేలోపు అయిపోతుంది! పాత ఎక్స్‌బాక్స్ వన్ తరం గేములనైతే దాని మీద నుంచే ఆడుకోవచ్చు కూడా.

ఇంట్లో పెళ్లి వీడియోలు దాచుకున్న హార్డ్ డిస్కు ఒకటి ఉంది. అదే వాడదామనుకున్నారు. గేముల కోసం సిద్ధం చేసేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని తెలిసి ఆవిడ గుండె గుభేల్‌మంది. నాలుగు వేల పైచిలుకు పెట్టి కొత్తది కొన్నారు. వేగంగా పనిచేసే ప్రత్యేకమైన కార్డులూ ఉన్నాయి. కన్సోల్ వెనక గుచ్చితే చాలు, వాటి మీద నుంచే ఏ గేమైనా ఆడుకోవచ్చు. అయితే 2020లో అమెరికాలో సిరీస్ ఎస్ ధర 299 డాలర్లుంటే, 1 టీబీ కార్డు ధర దాదాపు 220 డాలర్లు. పెట్టెకి పెట్టినదాంట్లో ముప్పావు వంతు మళ్లీ పెట్టాలన్నమాట. చవకలో కొని, చోటు కోసం తర్వాత కట్టే డబ్బు ఇలా ఉంటుంది.

ఆ ఆదివారం బాల్కనీలో కుర్చీ ఖాళీగా ఉంది. మెక్సికో రోడ్ల మీద కారు ఎన్నిసార్లు గోడకి గుద్దుకుందో తెలీదుగానీ హాల్లో నవ్వులు మాత్రం వంటింట్లోకి వినిపించాయి.

కొనేముందు ఓ కాయితం

తర్వాత కాలంలో కన్సోళ్లలో చోటు పెరిగింది. 2023 సెప్టెంబరులో సిరీస్ ఎస్ 1 టీబీతోనూ వచ్చింది. అప్పట్లో అమెరికాలో 512 జీబీదానికీ దీనికీ తేడా 50 డాలర్లే. తర్వాత కార్డు కొనడం కన్నా ముందే పెద్దది తీసుకోవడం ఎంత నయమో ఈ లెక్కే చెబుతుంది. అదే ఏడాది చివర్లో సన్నబడిన ప్లేస్టేషన్ 5 కూడా 1 టీబీతో వచ్చింది. ప్లేస్టేషన్ 5 లోపల అదనంగా ఎస్ఎస్‌డీ బిగించుకునే వీలూ ఉంది. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో 256 జీబీ ఉంటుంది. చాలకపోతే మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్తరకం కార్డే కొనాలి. పాత స్విచ్‌లో వాడిన మామూలు కార్డులో గేములు దాచుకోవడం కుదరదు.

‘కొన్నాళ్లు ఆగితే ధర తగ్గుతుందిలే’ అన్న పాత నమ్మకం కూడా ఇప్పుడు పనిచేయడం లేదు. ఎక్స్‌బాక్స్ ధరలు 2025లో అమెరికాలో రెండుసార్లు పెరిగాయి. మనదేశంలో ప్లేస్టేషన్ 5 ధర 2022 నవంబరులోనే అయిదు వేలు పెరిగింది. అందుకే ఆగడం కన్నా ఆలోచించి కొనడం మేలు.

ఆడేది ఒక్కరే, ఒక్కసారి రెండు మూడు గేములే అనుకుంటే 512 జీబీ హాయిగా సరిపోతుంది. వయసులో తేడా ఉన్న పిల్లలిద్దరూ, సరదాపడే పెద్దవాళ్లూ ఉన్న ఇంటికి 1 టీబీ వైపు చూడటం మంచిది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేక ఫోన్ డేటాతోనే నెట్టుకొస్తుంటే డిస్కు లేని పెట్టె జోలికి పోకపోవడమే నయం. రోజుకి 2 జీబీ చొప్పున వంద జీబీ గేమ్ దించాలంటే యాభై రోజులు పడుతుంది మరి! వాడేసిన ప్లేస్టేషన్ 4 కొనేవాళ్లకి ఒక వెసులుబాటుంది. అందులోని హార్డ్ డిస్కును తీసి పెద్దది వేసుకోవచ్చు.

పోయిన వేసవిలో తణుకు నుంచి ఆడపడుచు ఫోన్ చేసింది. వాళ్లబ్బాయికి కన్సోల్ కొంటున్నారట. 512 తీసుకోవాలా, 1 టీబీ తీసుకోవాలా అని ఆవిడ సందేహం. లెక్కల టీచరు ఏ అంకే చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడిగింది...

‘మీ ఇంట్లో అందరికన్నా తక్కువ ఆడేదెవరు వదినా? ముందు వాళ్లకెంత చోటు కావాలో చూడండి. మిగతావాళ్లు ఎలాగైనా సర్దుకుంటారు.’